ఈరవ్వ గంపలో నేను తెంపిన కాయలు

మా అమ్మ ప్రమీలమ్మ సీతాఫలాలు ఈరవ్వ దగ్గర తప్ప కొనేది కాదు. దసరా ముందు నుంచి దీపావళి దాటేదాకా ఈరవ్వ కమ్మర్‌పల్లిలో బస్సెక్కి నిజామాబాదుకు వచ్చేది. గంప నెత్తిన పెట్టుకొని గల్లీలు తిరిగేది. మిగతా పది నెలలు బీడీలు చుట్టేది. ఆమెకు యాభై దాటాయి. మా అరుగు ఎక్కాలంటే మోకాలి మీద చెయ్యి వేసి లేచేది. కానీ ఆమె గంపలోని కాయను ఎవరూ నొక్కి చూసేవారు కాదు. ఈరవ్వ ఇచ్చిందంటే రెండో రోజుకు పండి తీరుతుంది.

తొంభై నాలుగులో నేను ఎం.ఏ. తెలుగు ముగించి, జానపద గేయాల మీద పరిశోధనకు పాటలు వెతుకుతున్నాను. కొత్తవాళ్లను పాట అడగాలంటే నాకు నోరు రాదు. అందుకే ఈరవ్వతో, "గుట్టకు నీ వెంట వస్తానవ్వా" అన్నాను.

"రా బిడ్డా. గని గా మెత్తటి చెప్పులేసుకొని రాకు. గుట్ట నమిలి ఉమ్మేస్తది."

మొదటి బస్సుకు కమ్మర్‌పల్లిలో దిగేసరికి ఈరవ్వ గంపతో కాచుకొని ఉంది. పసుపు చేల గట్ల మీద రెండు గంటలు నడిచాం. దారిలో ఈరవ్వ ఆ రోజు సంగతి చెప్పింది. నిజామాబాదు బస్టాండు దగ్గర పండ్ల దుకాణం రామస్వామి సాయంత్రానికి ఒక గంప తెమ్మన్నాడు.

"కాయ మంచిగుంటే సీజనంత నాతాన్నే తీసుకుంటడట. బస్సు దిగుడు, గంప దించుడు, ఇంటికి మర్లుడు. గల్లీలు తిరుగుడు తప్పుతది. గీ మోకాళ్లు ఇంక నా మాట ఇంటలెవ్వు."

గుట్ట ఎక్కుతుంటేనే గాలి మొదలైంది. రెండు గుట్టల నడుమ సందులోంచి అది ఆగకుండా తోసుకొస్తోంది. చీర కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటున్నాయి. నోటుపుస్తకం తెరిస్తే కాగితాలు నిలవలేదు.

"ఒక పాట చెప్పవ్వా" అన్నాను.

"పాటలు నాట్లల్ల పాడ్తరు. ఈడ నోరు తెరిస్తే కడుపు నిండ దుమ్మే" అని నవ్వి, నా చేతికి ఒక గోనెసంచి ఇచ్చింది. ఒక కాయను వంచి చూపించింది. "సూడు, గీ బుడిపెల నడుమ సందులు వెడల్పై తెల్లగైనయ్ గదా. కండ్లు తెరిచిందంటరు. గదే తెంపాలె. తెరవని కాయ ఎన్నొద్దులు పెట్టినా పండది, నల్లవడి రాయైతది."

కండ్లు తెరిచిన కాయలు ఎక్కువగా గుట్ట అంచున, ఎండ తగిలే పొదలకే ఉన్నాయి. అక్కడ గాలికి నిలబడలేకపోయాను. రెండుసార్లు వెళ్లి, కింద లోయ కనబడగానే వెనక్కి వచ్చాను. మధ్యాహ్నానికి ఈరవ్వ తన సంచి నింపి గంపలో గుమ్మరించింది. నా సంచి అడుగున పది కాయలు కూడా లేవు. ఆ వయసు మనిషి ముందు ఖాళీ సంచితో నిలబడటం సిగ్గనిపించింది. బండ చాటున నీడలో ఉన్న పొదల దగ్గరికి పోయాను. అక్కడి కాయలు నున్నగా, పచ్చగా, మూసుకొని ఉన్నాయి. చూస్తూనే తెంపాను. సంచి నింపాను.

"సదువుకున్న పిల్ల గని చెయ్యి మంచి వాటమున్నది" అంది ఈరవ్వ. గాలికి కళ్లు తుడుచుకుంటూ అడిగింది. "అన్నీ తెరిచినయేనా?"

"అన్నీ అవేనవ్వా."

ఆమె సంచి మూతి విప్పి చూడలేదు. గంపలో పోసి, పైన ఆకు కప్పి, తాడుతో బిగించింది. బస్సులో గంప మీద చెయ్యి వేసుకొని నిద్రపోయింది. ఆర్మూరులో చెబుదామనుకున్నాను. మాక్లూర్ దాటాక చెబుదామనుకున్నాను. నిజామాబాదులో దిగగానే ఆమె గంపను దుకాణంలో దించి, తిరుగు బస్సు ఎక్కింది.

ఐదో రోజు ఈరవ్వ గంప నెత్తిన పెట్టుకొని మా ఇంటికి వచ్చింది. అమ్మ మంచినీళ్లు ఇస్తూ, రామస్వామి సంగతి ఏమైందని అడిగింది.

"సగం కాయలు రాళ్లైనయట, ప్రమీలమ్మా. నలుగురిల నా ముంగట పారబోసిండు. నాకే సూపు తగ్గినట్టున్నది. నిన్న కండ్ల దవాఖానకు పోతే బాగనే ఉన్నయన్నరు. మరి గట్లెట్లయింది?"

కిటికీ దగ్గర పుస్తకం పట్టుకొని కూర్చున్న నేను లేచి వచ్చాను. చెప్పేశాను. ఆ కాయలు నావని, మూసుకున్నవని తెలిసే తెంపానని.

ఈరవ్వ నీళ్ల చెంబు కింద పెట్టింది. నా వైపు తిరిగింది.

"గుట్ట మీదనే చెప్తే ఆడనే పారబోస్తుంటి గద, బిడ్డా. సగం గంపే తీస్కపోతుంటి" అంది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. అమ్మతో గంప ఎత్తించుకొని పక్క గల్లీలోకి నడిచింది.

నేను చెప్పులేసుకొని బస్టాండుకు పోయాను. దుకాణం ముందు కొనేవాళ్లు పోయేదాకా నిలబడి, రామస్వామికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన త్రాసు తుడుస్తూ విన్నాడు.

"గా ముసలామెను నేను శానా మాటలన్న. ఏం పాయిదా అమ్మా, ఈ సీజను కాయలకు మాక్లూర్ ఆయనకు మాటిచ్చిన. నువ్వు మొన్ననే వస్తే అయిపోతుండె."

ఆ బేరం ఇక లేదన్న మాట ఈరవ్వకు నేనే చెప్పాలి. ఆమె ఇంకా మా వాడలోనే ఎక్కడో గుమ్మాలు ఎక్కి దిగుతూ ఉంటుంది. వెతుక్కుంటూ నడిచాను.