ఆరు నెలలు మిగిలి ఉండాలట

నాకు చదవడం రాదు. సంతకం మటుకు చేస్తాను, అదీ మా ఆయన నేర్పిందే. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది.

రేపల్లె పక్కన పల్లె మాది. మా ఆయన హైస్కూల్లో అటెండరు చేసి రిటైరయ్యారు. మా గుడిలో ఆయన సంఘపెద్ద. ఆదివారం ప్రకటనలు చదివేది ఆయనే. యెరూషలేము చూడాలని, యొర్దాను నదిలో మునగాలని ఎప్పటినుంచో కోరిక. పదేళ్ళ కిందట సంఘంలో కొందరం వెళ్దామనుకుని పాస్‌పోర్టులు తీసుకున్నాం. ఆయనది నెల తిరక్కుండా వచ్చింది. నాకు బడి కాగితం లేదు, పుట్టిన తేదీ కాగితం లేదు. అవన్నీ సంపాదించేసరికి ఏడాది పట్టింది. అందుకని నా పుస్తకం గడువు ఆయనదానికంటే ఏడాది ఎక్కువ. ఆ ప్రయాణం మనుషులు చాలక ఆగిపోయింది. తర్వాత కరోనా వచ్చింది. ఆ తర్వాత ఆయన గుండెకు స్టెంటు వేశారు.

చివరికి ఇరవైరెండు మందిమి పోగయ్యాం. జనవరి ఆఖరున ప్రయాణం. డాక్టరుగారు ఈ ఏడు పరవాలేదు వెళ్ళిరమ్మన్నారు. వచ్చే ఏటి సంగతి మాత్రం తన నోటితో చెప్పలేనన్నారు. కాబట్టి వెళితే అప్పుడే వెళ్ళాలి ఆయన.

మా గుడిలో ఒక అలవాటు ఉంది. విత్తనాల మూట గానీ, పిల్లల హాల్ టికెట్లు గానీ, ఏదన్నా మంచి పని తలపెడితే దానికి సంబంధించింది తెల్లగుడ్డలో చుట్టి బలిపీఠం కింద పెడతాం. ప్రార్థన కాలం పూర్తయ్యేదాకా దాన్ని తీయం, విప్పం. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు మా పాస్‌పోర్టులన్నీ అలాగే పెట్టాం. తెనాలి ట్రావెల్స్ వాళ్ళు జిరాక్సులు ముందే పంపమన్నారని మా పాస్టరు అయ్యగారు చెప్పినా, దేవుడి ముందు పెట్టింది మధ్యలో తీయడమేమిటని మా ఆయనే ఒప్పుకోలేదు. పెట్టేముందు ఒక్కొక్కరి గడువు తేదీ సంఘం అందరికీ వినపడేలా చదివారు. తనది మే నెల దాకా ఉంది.

ఆ రోజే పెనుమూడి నుంచి మా గుడికొచ్చే చెల్లెలొకామె, కువైట్‌లో ఇళ్ళల్లో పని చేసొచ్చిన మనిషి, టీ గ్లాసులు కడుగుతూ నాతో అంది. "అక్కా, బావగారిది చాలదేమో. తేదీ ఉంటే సరిపోదు, ఇంకా ఆరు నెలలు మిగిలి ఉండాలి. నన్ను ఒకసారి ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళాక వెనక్కి పంపారు."

మధ్యాహ్నం అన్నం పెడుతూ ఆయనకు చెప్పాను. నవ్వారు.

"కువైట్ సంగతి వేరే. ఫిబ్రవరి మొదట్లో వచ్చేస్తాం కదా, ఇంకా మూడు నెలలు మిగిలే ఉంటుంది. నీకు నాలుగక్షరాలు వచ్చుంటే సంఘాన్నే నడిపేదానివే."

నేనూ నవ్వాను. ఇంకోసారి అనలేదు. అయ్యగారి చెవిన వేయొచ్చు, వేయలేదు. అందరి ముందు తేదీలు చదివిన మనిషి మాట పోతుందనుకున్నాను.

క్రిస్మస్ మర్నాడు గుడ్డ విప్పి, అన్నీ సంచిలో పెట్టుకుని అయ్యగారూ మేమిద్దరం తెనాలి వెళ్ళాం. ట్రావెల్స్ ఆఫీసులో కుర్చీలో కూర్చున్నాయన ఒక్కో పుస్తకం తెరిచి చూసి దొంతర పెడుతున్నాడు. ఒకటి మాత్రం పక్కన పెట్టాడు. నాకు తెలిసిపోయింది.

"మాస్టారూ, దీనికి ఆరు నెలలు లేదండి. వీసా ఇవ్వరు."

కొత్తది తీసుకుంటే రాదా అని అయ్యగారు అడిగారు. నవంబరులో చూపించినా అయ్యేదండి, ఎల్లుండికల్లా అందరి కాగితాలూ వెళ్ళిపోవాలి అన్నాడాయన. మా ఆయన ఆ పుస్తకం తీసుకుని జేబులో పెట్టుకున్నారు.

నేనూ మానేస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నువ్వు చూసొస్తే నేను చూసినట్టే, నేను వచ్చే ఏడు వెళ్తాను అన్నారు. వచ్చే ఏడు అన్నప్పుడు మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

జనవరిలో కొత్త పాస్‌పోర్టు కోసం బాపట్ల పోస్టాఫీసుకు వెళ్ళాం. ఫోటో తీశారు, వేళ్ళు పెట్టించుకున్నారు. పాత పుస్తకం మీద రద్దు ముద్ర కొట్టి ఇచ్చేశారు. తిరుగు బస్సులో ఆయన దాన్ని ఒడిలో పెట్టుకుని కాగితాలు తిప్పుతూనే ఉన్నారు. పదేళ్ళలో ఆ పుస్తకంలో ఒక్క దేశం ముద్ర పడలేదు. పడిందల్లా ఆ రద్దు ముద్రే.

చాలా దూరం వచ్చాక అన్నారు. "నువ్వు చెప్పావు కదే."

"నేనేం చెప్పానండి?"

"ఆరు నెలల సంగతి."

"లేదండి. నేనేం చెప్పలేదు."

ఆయన నా వైపు చూశారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. పెళ్ళయ్యాక ఆయనకు నేను చెప్పిన పెద్ద అబద్ధం అదే. నమ్మలేదు ఆయన. కానీ నా చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకున్నారు. బస్సులో అందరూ చూస్తుండగా అలా ఎప్పుడూ చేయలేదు.

నేను వెళ్ళాను. గుంటూరు దాటి ఒక్కదాన్నే వెళ్ళని మనిషిని, విమానం ఎక్కాను. యొర్దాను అంటే మన కృష్ణంత ఉంటుందనుకున్నాను, కాలవంత ఉంది. అందరూ తెల్లబట్టలతో పాడుతూ దిగారు. నేను ఆయన తువ్వాలు పట్టుకెళ్ళాను, దాన్ని ముంచాను. పక్కావిడ ఆయనకు వీడియో కాల్ కలిపి ఇచ్చింది. "లోతెంత ఉంది?" అన్నారు. నడుముల్లోతు అన్నాను. "చల్లగా ఉందా?" అన్నారు. చల్లగానే ఉందండి అన్నాను. బాగా మునుగు, తొందరేం లేదు అన్నారు.

పన్నెండు రోజులకు తిరిగొచ్చాను. వచ్చిన మూడో వారంలో, పొద్దున్నే మొహం కడుక్కుంటూ పంపు దగ్గర కూలబడిపోయారు. రేపల్లె ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. ఆయనకు మిగిలిన రోజుల్లో పన్నెండు నేను అక్కడ ఖర్చుపెట్టి వచ్చానని అప్పుడు తెలిసింది. దేవుణ్ణి చూడ్డానికేగా వెళ్ళావు అంటారు అందరూ. అంటే అననీ.

ఆయన్ని భూస్థాపన చేసిన పదిహేను రోజులకు పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. మా వీధికి కొత్త.

"పెద్దాయన్ని పిలవండమ్మా. పాస్‌పోర్టు వచ్చింది, ఆయన చేతికే ఇవ్వాలి."

చెప్పాను. ఆ అబ్బాయి సైకిలు స్టాండు వేసి నిలబడిపోయాడు. ఇంకొకరి చేతికి ఇవ్వకూడదమ్మా, వెనక్కి పంపాలి అన్నాడు.

"ఒక్కసారి పట్టుకోనివ్వు నాయనా."

ఇచ్చాడు. కవరు మీద చెయ్యి వేస్తే లోపల పుస్తకం అట్ట గట్టిగా తగిలింది. లోపల ఆయన ఫోటో ఉంటుంది, బాపట్లలో తీసింది, చివరిది. చింపమని మనసు పీకింది. చింపలేదు. ఆ అబ్బాయి తొందరపెట్టలేదు. కాసేపటికి నేనే తిరిగి ఇచ్చాను. పెన్ను తీసి కవరు మీద ఏదో రాశాడు.

ఏం రాశావని అడిగాను.

"తీసుకోవాల్సినాయన చనిపోయారని, అమ్మా."

సరే నాయనా అన్నాను.