మాజ్రి గోదాలో కేబుల్ కనకరాజు

మా మేనమామ సిలువయ్యకు మతి పోయిందని 1996లో మా బొగ్గుగనుల ఊరు మాజ్రి అంతా అనుకుంది. నేనూ అన్నాను, దాచడమెందుకు? ఇరవై ఏళ్లు గనిలో బొగ్గు నింపిన మనిషి, నాలుగేళ్ల కిందట ఆగిపోయిన మాజ్రి దంగల్‌ను మళ్లీ మొదలుపెడతానని బయలుదేరాడు. దంగల్ అంటే మట్టి గోదాలో కుస్తీ పోటీలు. ఒకప్పుడు చంద్రపూర్, రాజురా, వరోరాల నుంచి పహిల్వాన్లు వచ్చేవారు. జనం గోడలెక్కి చూసేవారు. తర్వాత కేబుల్ టీవీ వచ్చి ఆదివారం మధ్యాహ్నం అమెరికా కుస్తీ చూపించింది. గోదాలో గడ్డి మొలిచింది.

ఆ గోదాను పూడ్చి స్కూటర్ల స్టాండ్ చేయాలని కాలనీ కమిటీ పెద్ద అప్పలనర్సయ్య పట్టుదల. మామ ఆయన గుమ్మం ముందు కూర్చుని లేస్తేనా? చివరికి ఆయనే విసుక్కున్నాడు.

"ఒక్క ఆదివారం ఆడించుకో సిలువయ్యా. జనం నిండితే గోదా నీది. లేకుంటే సోమవారం పూడ్పిస్త."

ఇంటికొచ్చి మామ ఆ మాట చెబుతుంటే నాకు ఒళ్లు మండింది. "టీవీల రంగు బట్టలున్నయి, పాటలున్నయి, మంటలున్నయి. నీ దగ్గర ఏమున్నది మామా?" అని కసిరాను.

"మన దగ్గర నిజం కుస్తీ ఉన్నది రోజీ," అన్నాడు.

నిజాన్ని చూడ్డానికి ఎర్రటి ఎండలో ఎవరొస్తారు? అనుకున్నట్టే ఆ ఆదివారం ముప్పై మంది కూడా రాలేదు. జివతి గుట్టల నుంచి వచ్చిన పహిల్వాన్ ఇస్తారి చెయ్యెత్తి పట్టుకుని మామ గోదా చుట్టూ తిప్పుతున్నాడు. ఇతనితో తలపడేవాడు ఉంటే రమ్మని దానర్థం. ఒక్కడూ కదల్లేదు. అప్పలనర్సయ్య కుర్చీలో ఆవులిస్తున్నాడు. మామ మొహం చూడలేక తల తిప్పుకున్నాను.

అప్పుడొచ్చాడు కనకరాజు. మా ఊరి కేబుల్ వాడిదే. బట్టల కొట్టువాళ్ల అబ్బాయి, తొంభై కిలోల మనిషి. వెక్కిరించడానికే వచ్చాడని వాడి నవ్వే చెబుతోంది. అయినా మామ "ముంగటికొచ్చి కూసో" అని మర్యాద చేశాడు. ఎంతైనా పద్ధతిగల ఇంట్లో పుట్టినవాడు కదా, గోదా అంచున కాలు పెడుతూనే వంగి చిటికెడు మట్టి తీసి నుదుట పెట్టుకున్నాడు.

గోదా పక్కనున్న డప్పులు ఒక్కసారిగా మోగాయి. పాపం, వాడికి తెలియదు. సవాలు తిరుగుతున్న పహిల్వాన్ ఎదుట గోదా మట్టి నుదుట పెట్టుకుంటే ఒప్పుకున్నట్టే.

"అరే, నేను దండం పెట్టిన, గంతే," అని కనకరాజు మొత్తుకున్నాడు.

"మట్టి పెట్టుకున్నంక మాట లేదు బేటా. అంగీ ఇప్పు," అన్నాడు మామ.

వెనక్కి పోతే రేపు కేబుల్ డబ్బులకు ఇంటింటికీ ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? అంగీ విప్పాడు. నేనింక ఆగలేదు. కేబుల్ కనకరాజు కుస్తీ పడుతుండని అరుస్తూ క్వార్టర్ల సందులన్నీ పరుగెత్తాను. చెయ్యి కడుక్కోకుండా వచ్చినవాళ్లున్నారు, ఒంటిచెప్పుతో వచ్చినవాళ్లున్నారు. అమెరికా వీరులు ఇళ్లలో ఒంటరిగా కొట్టుకుంటున్నారు. నెలనెలా మన గుమ్మంలో నిలబడే మనిషి మట్టిలో దొర్లుతుంటే టీవీ ముందు ఎవరు కూర్చుంటారు!

నేను తిరిగొచ్చేసరికి ఇస్తారి వాడి కాలు మెలేసి పడగొట్టాడు. బోర్లా పడ్డాడు, వీపు ఆనలేదు కాబట్టి ఓడలేదు. లేచాడు. మళ్లీ పడ్డాడు, మళ్లీ లేచాడు. మూడోసారి లేచినప్పుడు వాడి మొహంలో వెక్కిరింత లేదు, గెలవాలన్న కసి ఉంది. నా గొంతు బొంగురుపోయింది, ఎవరి తరఫున అరుస్తున్నానో నాకే తెలియదు. చివరికి ఇస్తారి వాడి నడుం పట్టి ఎత్తి పడేశాడు. రెండు భుజాలూ మట్టికి ఆనాయి. చిత్తు.

ఒళ్లు దులుపుకోకుండానే కనకరాజు "ఇంకొక్కసారి పడత" అన్నాడు. వెనక నుంచి "ఆగు, ముందు మేం" అంటూ పదిమంది అంగీలు విప్పుతున్నారు. గోదా చుట్టూ కాలు పెట్టే చోటు లేదు.

జనాన్ని తోసుకుంటూ అప్పలనర్సయ్య వచ్చాడు. ఏం తీర్పు చెబుతాడోనని మామ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన కళ్లజోడు తీసి నా చేతిలో పెట్టాడు.

"సిలువయ్యా, నా ఈడోడు ఎవడన్న ఉన్నడా?"

మామ చొక్కా గుండీల మీద చెయ్యి వేశాడు.

"నేనున్న," అన్నాడు.