స్పీకర్లకు పెద్ద వాటా

తిరువూరులో ఆ మేడమీద పోర్షన్ మాకు ఇవ్వడానికి ఇంటివాళ్లు చాలా ఆలోచించారు. అద్దెకు వచ్చినవాళ్లం ఇద్దరం ఆడవాళ్లం. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అక్క ఎ.కొండూరులో వ్యవసాయశాఖ ఆఫీసరు. మేం తోడబుట్టినవాళ్లం కాదు. నాకంటే కొన్నేళ్లు పెద్దది కాబట్టి అక్కా అని పిలవడం అలవాటైంది. నాది తెగిపోయిన పెళ్లి, ఆవిడది జరగని పెళ్లి. ఈ రెండు సంగతులూ విన్నాక ఇంటావిడ కాసేపు మా ముఖాలు చూసి, "నీళ్ల మోటారు మాత్రం పొద్దున పూటే వేసుకోవాలమ్మా" అంది. ఇల్లు ఇచ్చినట్టేనని మెట్లు దిగాక అక్క చెప్పింది.

అక్కడ స్థిరపడ్డాక, పాటలు వినడానికి ఒక మంచి సెట్టు కొనాలనుకున్నాం. అప్పటిదాకా నా దగ్గరున్న చిన్న బ్లూటూత్ డబ్బాలో వినేవాళ్లం. అక్కకు అది నచ్చేది కాదు. వాళ్ల నాన్నగారు గుడిలో అర్చకులు. చిన్నప్పుడు ఆయన దగ్గరే కీర్తనలు నేర్చుకుంది. వంట చేస్తూ పాడుకునేది తప్ప ఎవరి ముందూ పాడేది కాదు. "ఆ డబ్బాలో తంబురా దోమలా ఉంటుంది" అనేది.

డబ్బు చెరిసగం వేసుకోవాలనుకున్నాం. అందులో పేచీ లేదు. ఆ డబ్బులో ఆంప్లిఫయరుకెంత, స్పీకర్లకెంత అన్న దగ్గర పేచీ వచ్చింది.

నేను సగం సగం అన్నాను. ఫోన్లోంచి వచ్చే సన్నటి సంకేతానికి బలమిచ్చి స్పీకర్లకు పంపేది ఆంప్లిఫయరు. అది చాలీచాలనిదైతే సౌండు పెంచినప్పుడు అలల తలలు తెగిపోతాయి, పాట గరగరలాడుతుంది, చివరికి స్పీకర్లే కాలిపోతాయి. కాగితం మీద అల గీసి, దాని తల తెంపి మరీ చూపించాను. అక్క దోసె తిప్పుతూ చూసింది.

"బాగానే ఉంది. కానీ నేను వినేది గీతను కాదుగా. గాలిని కదిపేది స్పీకరు. రూపాయిలో ముప్పావలా దానికే పెట్టాలి."

"మిగిలిన పావలాకి ఏం ఆంప్లిఫయరు వస్తుంది?"

"ఏదో ఒకటి వస్తుంది. మన గది ఎంతని?"

కొన్నాళ్లు ఇదే నడిచింది. నేను ఇంటర్నెట్టులో చదివినవి చెప్పేదాన్ని. ఆవిడ చదవకుండానే కాదనేది. చివరికి ఒక సెలవు రోజున విజయవాడ బస్సెక్కాం.

షాపతను మమ్మల్ని చూసి, మా వెనక గుమ్మం వైపు చూశాడు. "సార్ వాళ్లు రాలేదా అండి?"

"ఏ సార్లు?" అంది అక్క.

అతను మమ్మల్ని లోపల తెరలు కట్టిన ఏసీ గదిలోకి తీసుకెళ్లాడు. ఒకే స్పీకర్లకు ముందు చవక ఆంప్లిఫయరు పెట్టి, తర్వాత ఖరీదైంది పెట్టి, ఏది ఎప్పుడు మోగుతోందో చెప్పకుండా వినిపించమన్నాను. విన్నాను. రెండుసార్లూ తప్పు చెప్పాను. తర్వాత ఆంప్లిఫయరు మార్చకుండా స్పీకర్లు మార్చాడు. ఆ తేడా మాత్రం టీ తెచ్చినతనికీ తెలిసింది. గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు. అక్క కళ్లు మూసుకుని కూర్చుంది. వయొలిన్ కమాను తిరిగే చోట ఆవిడ వేళ్లు మోకాలి మీద తిరిగాయి.

"ఇవే" అంది.

ముప్పావలా స్పీకర్లకు వెళ్లింది. ఆంప్లిఫయరు, అక్క అన్నట్టుగానే, ఏదో ఒకటి వచ్చింది. అందులో నేను ఓడిపోయాను.

తిరుగు బస్సులో అట్టపెట్టెలకు లగేజీ టికెట్టు కొట్టాలన్నాడు కండక్టరు. "ఏంటండీ ఇవి?"

"స్పీకర్లు."

"పెళ్లికా?"

"ఇంట్లోకండీ."

"ఇంట్లోకి ఇంత పెద్దవా!" అని, టికెట్టు చించుతూ ఇంకోసారి పెట్టెల వైపు చూశాడు.

ఇంటికి తెచ్చాక అవి కింద ఉంటే మోత వస్తోందని రెండు కడప బండలు తెప్పించి ఎత్తు చేశాం. టైల్స్ గచ్చు మీద పాత దుప్పటి పరిచాం. గోడకు ఆనించకుండా ముందుకు జరిపాం. ఎదురుగా రెండు కుర్చీలు. మొదటి పాటకే ఇంటావిడ పైకి వచ్చింది. సౌండు తగ్గించమంటుందేమోనని లేచాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "పాడే మనిషి ఎక్కడుందమ్మా? మధ్యలో నిలబడ్డట్టే ఉందే" అంది. నిజంగానే రెండు స్పీకర్ల నడుమ, ఏమీ లేని చోట, గొంతు నిలబడేది. వయొలిన్ దానికి కుడిపక్క, మృదంగం ఎడమపక్క. అక్కకు కావలసింది అదేనని నాకు అప్పుడు అర్థమైంది. ఏడాది పైగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం అలాగే విన్నాం. నేను పేపర్లు దిద్దుకుంటూ వినేదాన్ని. ఆవిడ వింటూ ఇంకో పని చేసేది కాదు.

వానాకాలంలో అక్కకు జలుబు చేసింది. చెవులు దిబ్బడేశాయంది. పత్తి చేలు చూసి తడిసి వస్తుంటుంది కాబట్టి ఇద్దరం పట్టించుకోలేదు. ఆ రోజుల్లోనే, "నీ ఆంప్లిఫయరు గుయ్యిమంటోంది" అంది. ఇంట్లో ఎర్తింగు సరిగ్గా లేదేమో, అందుకే హమ్ వస్తోందేమోనని అన్నాను. నాకైతే వినిపించలేదు. కానీ నా చెవి మీద నాకు షాపులోనే నమ్మకం పోయింది.

ఆ ఆదివారం భోజనాలయ్యాక పాట పెట్టాను. అక్క కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. అంతలోనే తెరిచింది.

"కుడిది పోయింది."

"ఏ కుడిది?"

"కుడి స్పీకరు. అంతా ఎడమవైపు నుంచే వస్తోంది. నీ మాటే నిజమైందే. చవక ఆంప్లిఫయరు చేతులెత్తేసింది."

నాకు రెండూ వినిపిస్తున్నాయి. అయినా వెనక్కి వెళ్లి గచ్చు మీద మోకాళ్లేసి కూర్చున్నాను. ల్యాబులో పిల్లలకు చెప్పే పద్ధతే ఇక్కడా. అనుమానం ఉన్న భాగాన్ని మార్చి చూడాలి. కుడి తీగను ఎడమకు, ఎడమ తీగను కుడికి మార్చాను. లోపం ఆంప్లిఫయరులో ఉంటే ఇప్పుడు ఎడమ స్పీకరు మూగబోవాలి.

"ఇప్పుడు?"

"అంతే. ఎడమవైపే." అక్క మళ్లీ కళ్లు మూసుకుంది.

ఎడమ స్పీకరు తీగ పూర్తిగా ఊడదీశాను. మోగేది ఇక కుడిది ఒక్కటే. అదీ మోగకపోతే గదిలో చప్పుడే ఉండకూడదు.

"ఇప్పుడు చెప్పు."

"ఎడమది బాగానే ఉంది. నువ్వు కుడిది చూడు."

కుడి స్పీకరు ముందు అరచెయ్యి పెట్టాను. గాలి తగులుతోంది. ఎడమదాని ముందు పెట్టాను. ఏమీ లేదు. దాని తీగ నా రెండో చేతిలోనే ఉంది. ఏం చెయ్యాలో తోచక గోడ దగ్గరికి వెళ్లి స్విచ్చు కట్టేశాను. పాట ఆగిపోయింది. కింద ఇంటావిడ గిన్నెలు తోముకుంటున్న చప్పుడు వినబడుతోంది.

"అక్కా, ఆ గుయ్యిమనేది ఇంకా ఉందా?"

"ఉంది."

"కళ్లు తెరువు."

తెరిచి స్విచ్చుబోర్డు వైపు చూసింది, నా చేతిలో తీగ వైపు చూసింది. పొలంలో వడ్లగింజ నలిపి తేమ చూసినట్టు, కుడిచెవి దగ్గర బొటనవేలినీ చూపుడువేలినీ రాపిడి చేసింది. తర్వాత ఎడమచెవి దగ్గర. మళ్లీ కుడిచెవి దగ్గర.

"చెవా?" అంది.

"జలుబు వల్ల అయ్యుంటుంది."

"అయ్యుండొచ్చు" అంది, నా మాట నమ్మకుండానే.

మర్నాడు విజయవాడ వెళ్లాం. చెవి డాక్టరు అక్కను గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను బయటినుంచి చూస్తున్నాను. ఎడమచెవికి పరీక్ష పెట్టినప్పుడు ఆవిడ బొటనవేలు వెంటవెంటనే కదిలింది. కుడిచెవికి పెట్టినప్పుడు చాలాసేపు కదలలేదు. లోపలి నరం దెబ్బతిందన్నారు డాక్టరు. ఎందుకన్నది చాలామంది విషయంలో తెలియదట. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే మేలన్నారు. మాత్రలు రాశారు, చెవిలోకి ఇంజెక్షన్లు కూడా చేశారు. "కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు" అన్నారు.

తిరుగు బస్సులో అక్క నన్ను లేపి చోటు మార్పించుకుంది. నేను ఎడమపక్కన కూర్చుంటే తప్ప నా మాట వినబడలేదు. బస్సు విస్సన్నపేట దాటింది. తర్వాత, "మంచి స్పీకర్లు కాబట్టి తెలిసింది. నీ డబ్బాలో వింటూ ఉంటే ఇంకా జలుబే అనుకునేదాన్ని" అంది. అది నన్ను ఊరడించడానికో, తనను తాను ఊరడించుకోవడానికో తెలియలేదు.

కొంత తిరిగి వచ్చింది. దాంతో ఇంకో ఇబ్బంది మొదలైంది. కుడిచెవిలో శృతి కొంచెం దిగి వినిపించేది. ఒకే గొంతు రెండుగా, ఒకదానికొకటి పొసగకుండా. ఆవిడ ఆ చెవిలో దూది పెట్టుకుంది. వంట చేస్తూ పాడడం మానేసింది. నేనూ సెట్టు ఆన్ చెయ్యలేదు. దాని మీద దుప్పటి కప్పి, డాబా మీదికి వెళ్లి ఇయర్‌ఫోన్స్‌లో వినేదాన్ని. ఒకరోజు బట్టలు తీయడానికి వచ్చి చూసింది.

"నా కోసం ఆపేశావా?"

"ఊరికే."

"ఊరికే ఏంటి? సగం డబ్బు నీది. పెట్టు, నేనూ వింటా."

పెట్టాను. గొంతు ఎక్కడుందని అడిగాను. "ఎక్కడా లేదు. అందరూ ఒకే పీట మీద ఇరుక్కుని కూర్చున్నట్టుంది" అంది. రెండు స్పీకర్లూ ఎడమపక్కకే జరుపుదామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "నీకు రెండు చెవులున్నాయిగా. అవి అక్కడే ఉండనీ" అని, తన కుర్చీని తిప్పుకుంది. ఎడమచెవి స్పీకర్ల వైపు, ముఖం కిటికీ వైపు. అప్పట్నుంచీ అలాగే కూర్చుంటుంది. మొదట్లో చూసేవాళ్లకు వింతగా ఉండేది. ఒకసారి ఇంటావిడ మామిడికాయలు ఇవ్వడానికి వచ్చి, నేను ఇటూ అక్క అటూ తిరిగి కూర్చోవడం చూసి, నన్ను వసారాలోకి పిలిచింది.

"ఏమైందమ్మా? ఇద్దరూ మాట్లాడుకోవట్లేదా?"

లోపల్నుంచి అక్క నవ్వింది. అంత మెల్లగా అన్నది కూడా తనకు వినబడింది.

దూది కొన్ని నెలలకు తీసేసింది. శృతి పూర్తిగా కలవలేదు కానీ, కలవని దాన్ని పక్కన పెట్టడం తెలిసిందంటుంది. పొలాల్లో రైతులు కుడిపక్క నిలబడి మాట్లాడుతుంటే, "ఈ పక్కకు రండి" అని చెప్పడం కూడా అలవాటైంది. మొదట సిగ్గుపడేదట. ఈ మధ్య వంటింట్లో పాట కూడా వినబడుతోంది, ఇదివరకటి కంటే తక్కువ స్థాయిలో.

మొన్న పెళ్లిళ్ల రోజుల్లో మా వీధిలో డీజే పెట్టారు. పొద్దున్నే ఇంటావిడ మెట్ల దగ్గర కనబడి, తల పట్టుకుని, ఆ బాక్సుల మోతకు కన్ను మూతపడలేదంది. నాదీ అదే పరిస్థితి. అక్కనూ అడిగింది.

"నేను హాయిగా పడుకున్నానండి. ఎడమచెవి దిండు మీద పెట్టుకుంటే చాలు" అంది అక్క, స్కూటీ తాళం తీసుకుంటూ.