రెండో గడిలో సంతకం

ఆ ఆదివారం ప్రార్థనకు బయలుదేరుతూ మా ఆవిడ గ్రేసమ్మ చెప్పులు పట్టడం లేదంది. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. అనకాపల్లిలో డాక్టరు రక్తపరీక్ష చేయించి, క్రియాటినిన్ చూసి, వెంటనే విశాఖ వెళ్లమన్నారు. అక్కడ నెఫ్రాలజిస్టు స్కాన్ చూశాక రెండు కిడ్నీలూ చిన్నవైపోయాయని చెప్పారు. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతి రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశారు. వారానికి మూడు రోజులు డయాలసిస్.

మొదట్లో బస్సులో వెళ్లేవాళ్లం. తిరుగు ప్రయాణంలో ఆమెకు బి.పి. పడిపోయి రెండుసార్లు సీట్లోంచి జారిపోయింది. అందుకే చిన్న కారు కొన్నాం. బడిపంతులుగా రిటైరైన నాకు డ్రైవింగ్ రాదు. అచ్యుతాపురంలో సెకండ్ షిఫ్ట్ చేసే మా బావమరిది సుధాకర్ పొద్దున్న మమ్మల్ని తీసుకెళ్లి, మధ్యాహ్నానికి దింపి, కంపెనీ బస్సు ఎక్కేవాడు.

ఏడాది తిరక్కుండానే కారు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫ్యూయల్ పంపులో లోపం ఉంది, బండి నడుస్తూ ఆగిపోవచ్చు, డీలరు దగ్గర ఉచితంగా మారుస్తారు అని. దాన్ని రీకాల్ అంటారని అప్పుడే తెలిసింది.

"బండికి కూడా డయాలసిస్ సేయించాల బావా," అన్నాడు సుధాకర్. గ్రేసమ్మ నవ్వింది.

విశాఖలో డీలరు దగ్గరికి వెళితే పార్టు రాలేదన్నారు. నెల తర్వాత మళ్లీ అదే మాట. మూడోసారి, ఒకటి రెండు గంటల్లో వస్తుంది, బండి వదిలి వెళ్లమన్నారు. గ్రేసమ్మ వెనక సీట్లో కూర్చుని ఉంది. ఎనిమిదికి ఆసుపత్రిలో ఉండాలి, ఆటో చూసుకోవాలి. సర్వీస్ అడ్వైజరు జాబ్ కార్డు నా ముందు పెట్టాడు. అందులో రెండు గడులు. ఒకటి బండి అప్పగించినందుకు, రెండోది పని పూర్తయి తృప్తిగా తీసుకున్నందుకు.

"రెండు సోట్లా ఎట్టీండి మాస్టారూ. మళ్లీ వచ్చినప్పుడు మీకు టైం కలిసొత్తాది," అన్నాడు.

అక్కడ అందరూ అలాగే పెడుతున్నారు. నేనూ పెట్టాను. మధ్యాహ్నం వెళ్లేసరికి అతను భోజనానికి వెళ్లాడు. సెక్యూరిటీ మనిషి తాళం ఇచ్చాడు. బండి కడిగి ఉంది. పంపు మార్చారనుకున్నాను.

మూడు వారాలకు, ఆసుపత్రికి వెళ్తుండగా, కూర్మన్నపాలెం ఇవతల హైవే మీద బండి ఆగిపోయింది. వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి. సుధాకరూ నేనూ పక్కకి తోశాం. ఆటో దొరికి ఆసుపత్రి చేరేసరికి మా మెషీన్ మరొకరికి ఇచ్చేశారు. రేపు రమ్మన్నారు. తెల్లవారేసరికి ఆమెకు ఊపిరి అందలేదు. పల్మనరీ ఎడీమా, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది అన్నారు. మూడు రోజులు ఐ.సి.యు.లో ఉంది.

"ఈ జబ్బులో టైమే మందు మాస్టారూ. ఒక్క సెషన్ కూడా తప్పకూడదు," అన్నారు డాక్టరు గారు. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది.

డీలరు వర్క్‌షాపుకి వెళ్లాను. మా బండికి రీకాల్ పూర్తయినట్టు కంప్యూటర్లో ఉంది. ఆ రోజు పార్టు రాలేదని, పంపు మార్చలేదని వాళ్లే ఒప్పుకున్నారు.

"నిజమే సార్. కానీ మీ సంతకం ఉంది కదండీ. సిస్టమ్‌లో క్లోజ్ అయిపోయింది. మళ్లీ ఓపెన్ చెయ్యడం మా చేతుల్లో లేదు," అన్నాడు మేనేజరు. జాబ్ కార్డు తీసి చూపించాడు. నా సంతకమే, తీరుగా ఉంది.

ఇంటికొచ్చి గ్రేసమ్మకు చెప్పాను.

"ప్రోగ్రెస్ కార్డు సూడకుండా సంతకాలెట్టిన తండ్రుల్ని మీరు బడికి పిలిపించి మరీ తిట్టేవోరు. ఇప్పుడు మిమ్మల్నెవరు తిడతారండీ?" అంది.

కంపెనీకి ఉత్తరాలు రాశాను, ఫోన్లు చేశాను. మీ ఫిర్యాదు అందింది అన్న జవాబు ప్రతిసారీ వచ్చేది. వర్క్‌షాపులో ఏదో శుభ్రం చేసి బండి నడిచేలా చేశారు గానీ, మళ్లీ ఎప్పుడు ఆగుతుందో వాళ్లకీ తెలియదు. మేం పాసింజరు రైలుకు మారాం. రద్దీలో ఎవరి చెయ్యీ తగలకుండా ఫిస్టులా ఉన్న చేతిని గుండెలకి అదుముకుని నిలబడేది. కారు ఇంటి ముందు ఉండేది.

ఆరు నెలలకు ఆమెకు ఇన్ఫెక్షన్ వచ్చింది. వెంటిలేటర్ పెట్టాలంటూ సిస్టర్ అంగీకార పత్రం ఇచ్చింది. నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివాను. "త్వరగా సార్," అంది సిస్టర్. అయినా చదివాను. అందులో నేను మార్చగలిగింది ఒక్క మాట కూడా లేదు. సంతకం పెట్టాను. రెండు రోజులకు గ్రేసమ్మ పోయింది.

ఆ తప్పిన సెషన్‌కీ దీనికీ సంబంధం లేదని డాక్టరు గారు చెప్పారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. నమ్ముతున్నాను. నమ్మినా, ఆ హైవే గుర్తొస్తూనే ఉంటుంది.

ఇప్పుడు ఒక్కణ్ణే ఉంటున్నాను. వంట నేర్చుకున్నాను. మధ్యాహ్నాలు చదువుకుంటాను. మొన్న డీలరు నుంచి ఫోన్ వచ్చింది, మా రీకాల్ మళ్లీ ఓపెన్ అయిందట. సుధాకర్ నన్నూ బండినీ అక్కడికి తీసుకెళ్లాడు. అడ్వైజరు కొత్తవాడు, కార్డు పాతదే, గడులు రెండే.

చదివేవారికి నేను చెప్పగలిగేది ఒక్కటే. బండి అయినా, మనిషి అయినా, జరగని పని జరిగిందని ముందే సంతకం పెట్టకండి. విప్పిన పాత పార్టు కళ్లారా చూశాకే రెండో గడి నింపండి.

ఈసారి నేను మొదటి గడిలోనే సంతకం పెట్టి బెంచీ మీద కూర్చున్నాను. లేటవుతుంది మాస్టారూ, వెళ్లి రండి అన్నాడు అడ్వైజరు. మూడు గంటలకు మెకానిక్ పాత పంపు గుడ్డలో పెట్టి తెచ్చి చూపించాడు. అప్పుడు రెండో సంతకం పెట్టాను. ఆ రోజు నేను వేళకి చేరాల్సిన చోటు ఏదీ లేదు.