ఒక్క గంట ఫోన్

మా ఇంట్లో పెద్ద ఫోన్ ఒక్కటే. అది ఇంట్లో ఉండదు, ఆటోలో ఉంటుంది. మా ఆయన నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడకు షేర్ ఆటో నడుపుతాడు. రోజూ ఎక్కేవాళ్లు తయారు కాగానే ఆయనకు మిస్డ్ కాల్ ఇస్తారు. ఇప్పుడు మాట్లాడితే పైసలు పడకపోయినా ఆ అలవాటు పోలేదు. ఎవరు ఏ గల్లీ మొదట్లో నిలబడతారో ఆయనకు తెలుసు. నాది బటన్ల ఫోన్. అదే మేలంటుంది మా అత్త, కింద పడ్డా పగలదట.

పెళ్లికి ముందు పుట్టింట్లో, కోదాడలో, కంప్యూటర్ నేర్చుకున్నాను. కీబోర్డు చూడకుండా టకటకా కొట్టేదాన్ని. పెళ్లయ్యాక ఆ వేళ్లు బియ్యంలో రాళ్లు ఏరడానికి పనికొచ్చాయి.

మొన్న వానాకాలంలో మా చెల్లెలు ఒక కబురు చెప్పింది. సూర్యాపేటలో ఒక ఆఫీసు ఆడవాళ్లకు ఇంటి నుంచే పని ఇస్తోందట. ఎంపికైతే కంప్యూటర్, నెట్ వాళ్లవే. ముందు మాత్రం ఫోన్‌లో ఒక గంట పరీక్ష రాయాలి. ఓటీపీ కోసం ఆయన నంబరే ఇచ్చాను. ఆయన సిమ్ తీసి నా బటన్ల ఫోన్‌లో వేద్దామంటే నెట్ ఉన్నదీ ఆ సిమ్‌లోనే.

"గంటే గదా, పెట్టుకో. మిస్డ్ కాల్ ఇయ్యకుండ్రని అందరికి చెప్త. గల్లీ గల్లీ తిరిగి ఎక్కించుకుంట" అన్నాడు ఆయన. సంతోషంగానే అన్నాడు. అందుకే తర్వాత ఆయన్ని తిట్టుకునే వీలు కూడా నాకు లేకపోయింది.

ఆ పొద్దున తలుపు దగ్గరికేసి కూర్చున్నాను. పరీక్ష వదిలి వేరేదానిలోకి పోతే రద్దవుతుందని మొదట్లోనే ఎర్ర అక్షరాల్లో రాసి ఉంది. ప్రశ్నలు తేలిగ్గా ఉన్నాయి. ఎంత ధీమా వచ్చిందంటే, కంప్యూటర్ ఏ మూలన పెట్టాలా అని గదంతా ఒకసారి చూసుకున్నాను.

అంతలో మిస్డ్ కాల్స్ మొదలయ్యాయి. ఇవ్వొద్దని ఆయన చెప్పినవాళ్లే ఇచ్చారు, అలవాటైన చెయ్యి ఊరుకోదు కదా! కాల్ వచ్చినప్పుడల్లా పైనుంచి ఒక పట్టీ దిగి ప్రశ్నను కప్పేసేది. వేలితో దాన్ని పైకి తోసేదాన్ని. ఒక కాల్ మాత్రం ఆగకుండా మోగింది. మిస్డ్ కాల్ ఇచ్చేవాళ్లు అంతసేపు మోగనివ్వరు. బయట వాన. ఆయనకే ఏమైనా అయిందేమోనని పచ్చ గుర్తు నొక్కాను.

"తమ్మీ, యాడున్నవ్? వానల తడుస్తున్న. బడికి లేటయితది."

రోజూ ఎక్కే టీచరమ్మ. ముందురోజు సెలవులో ఉంది, ఆమెకు సంగతి తెలియదు.

"వస్తున్నారమ్మా, కొంచెం ఆగండి" అన్నాను. పెట్టేసి చూస్తే పరీక్ష రద్దయింది. ధన్యవాదాలు అని కూడా రాసి ఉంది.

సూర్యాపేట ఆఫీసుకు ఫోన్ చేసి బతిమాలాను. అటువైపు అమ్మాయి మంచిదే. "అయ్యో మేడం, కాల్స్ వేరే ఫోన్‌కు పోయేటట్టు పెట్టుకుంటే అయిపోతుండె గదా. చిన్న సెట్టింగే" అంది. మళ్లీ రాయనివ్వడం తన చేతిలో లేదంది. కోదాడలో మాకు ఆ సెట్టింగు చెప్పలేదు. రోజూ ఫోన్ చేతిలో ఉండేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒళ్లంతా మండిపోయింది, ఎవరి మీద మండాలో తెలియలేదు. టీచరమ్మ మీదనా? ఆమె వానలో తడిసింది, పాపం.

మధ్యాహ్నం ఆయన వచ్చాడు. ఒక గల్లీలో ఉంటే ఇంకో గల్లీ వాళ్లు వేరే ఆటో ఎక్కి పోయారట. అయినా ముందు, "ఎట్ల రాసినవ్?" అని అడిగాడు. జరిగింది చెప్పాను.

"మల్ల పెడ్తరేమో అడిగినవా?"

"అడిగాను. పెట్టరట."

ఆయన కంచం ముందు కూర్చుని అన్నం కెలికాడు.

మరునాడు పొద్దున ఆటోలో కూర్చుని చాలాసేపు ఫోన్ చూశాడు. టీచరమ్మ మిస్డ్ కాల్ రాలేదు. ఆమె వేరే ఆటోలో పోతోందని ఇద్దరికీ అర్థమైంది. ఆయన దిగివచ్చి ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"ఇంకేదన్న పని ఉన్నదేమో సూడు. ఇయ్యాల దీంతోని నాకంత అవసరం లేదు."

ఆ ఫోన్ కోసం ఎంత ఎదురుచూశానో! పట్టుకోబుద్ధి కాలేదు. తిరిగి ఆయన జేబులో పెట్టి, "ఉంచుకోండి, టీచరమ్మ చేస్తుందేమో" అన్నాను.