మాస్టారి గదిలో ఐసుదిమ్మ

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. సోషల్ టీచర్ని, మ్యాపులో చూపించలేనిదాన్ని ఒప్పుకోను. అయినా ద్రాక్షారామం దగ్గర మా హైస్కూల్లో జరిగింది చెప్పక తప్పదు.

నాకు ముందు నా క్లాసుగదిలోనే సోషల్ చెప్పిన మాస్టారు ఉద్యోగంలో ఉండగానే పోయారు. పిల్లల గోల పూర్తిగా ఆగేదాకా ఆయన చేతులు కట్టుకుని నిలబడేవారట, పాఠం మొదలుపెట్టేవారు కాదట.

నిరుడు సైన్స్ ఫెయిర్‌కి తొమ్మిదో తరగతి పల్లవి హిమానీనదం చేస్తానంది. సముద్రంలోకి దిగిన హిమానీనదం కొసను నీళ్ళు అడుగున కరిగించేస్తాయి. పైన చూరులా మిగిలిన మంచు తన బరువుకే విరిగి పడుతుంది. అది చూపించాలని, వాళ్ళ నాన్న చేపల పెట్టెల్లో వేసే ఐసుదిమ్మ తెచ్చి ఉప్పునీళ్ళ తొట్టిలోకి వాలుగా పెట్టాం. అంటార్కిటికా అంతా పండుగప్ప చేపల వాసన.

ముందురోజే గమనించాం. పిల్లలు మాట్లాడుతున్నంతసేపూ ముక్క పడదు. గది నిశ్శబ్దం కాగానే దబ్బున పడుతుంది. అటెండరు "మాస్టారేనండి" అని దణ్ణం పెట్టేశాడు. నేను నవ్వేశాను, కాస్త దూరంగా నిలబడి.

గెలిస్తే పల్లవి జిల్లా పోటీకి రాజమండ్రి వెళ్తుంది. నిద్రలోనూ అదే కలవరిస్తోందని వాళ్ళమ్మ చెప్పింది. తీరా జడ్జిగా వచ్చినాయనకి మాట్లాడటం మొదలుపెట్టడమే తెలుసు, ఆపడం తెలియదు. భూమి వేడెక్కడం దగ్గర మొదలై తన షుగరు దాకా వచ్చారు. మావైపు పెద్దల మాటకు అడ్డు రావడం ఉండదు. హెడ్మాస్టరుగారూ నేనూ "అవునండి, అవునండి" అంటూనే ఉన్నాం. ఐసు కదల్లేదు.

"ఇది విరిగేది కాదు గానీ, పదండి" అంటూ ఆయన లేచారు.

పల్లవి ఏడుపు ఆపుకోలేక అరిచేసింది. "సార్, ఒక్క నిమిషం నోరు మూసుకోండి సార్!"

గదంతా బిగుసుకుపోయింది. హెడ్మాస్టరుగారి "అవునండి" సగంలో ఆగింది. అప్పుడు పడింది, దిమ్మ ముందుభాగం మొత్తం. తొట్టిలో నీళ్ళు లేచి జడ్జిగారి ప్యాంటు తడిపేశాయి.

కాసేపటికి ఆయన గుసగుసగా, "ఈ పిల్లని రాజమండ్రి పంపించండి" అన్నారు. నాకు సంతోషంతో ఏడుపొచ్చింది.

మాటల అదురుకు పడాలి గానీ, మౌనానికి ఐసు పడటమేంటి? ఇంట్లో అదే ఐసు, అదే ఉప్పు పెట్టి, మా ఆయనా నేనూ నోళ్ళు మూసుకుని కూర్చున్నాం. కరిగింది గానీ విరగలేదు. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

పోటీకి బయల్దేరేముందు పల్లవి ఖాళీ గదిలోకి వెళ్ళి, "బస్సు వచ్చేస్తోందండి మాస్టారూ" అని చెప్పి వచ్చింది. చిన్నపిల్ల, ఏదో నమ్మకం.

బస్సులో మా పక్క సీటు మీద రుమాలు వేసి, అడిగినవాళ్ళకల్లా "మనిషి వస్తారండి" అని చెప్పింది మాత్రం నేనే.