కత్తిపీట దగ్గర మోగిన పట్టీ

దగ్గరికి జరిగి కూచోండమ్మా. ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టి వినండి.

కరోనా తగ్గిన మరుసటేడు సంగతిది. కోల్‌కతాలో నాది ఆయా పని. ముసలాళ్ళకి స్నానం చేయించి, మందులిచ్చి, పడకుండా కనిపెట్టుకోడం. మేముండే ఏక్‌బాల్‌పూర్ పేట నుంచి బస్సెక్కి ఓ బెంగాలీ మాసీమా ఇంటికెళ్ళేదాన్ని. మాసీమా అంటే మన పిన్నిగారు.

ఆవిడ ఓసారి స్నానాల గదిలో జారిపడింది. కొడుకు భయపడి, యూనివర్సిటీ వాళ్ళు పరిశోధన కోసం ఇచ్చిన సెన్సర్ పట్టీ ఆవిడ చేతికి కట్టించేడు. సెన్సర్ అంటే మనిషి కదలిక కనిపెట్టే బిళ్ళ. మనిషి పడితే అది మోగి, ఆఫీసులో ఉన్న కొడుక్కి కబురెళ్తాది.

మాసీమాకి పొద్దున్నే నేల మీద కూచుని, కత్తిపీట ముందేసుకుని కూర తరక్కపోతే రోజు మొదలవదు. చేప కూడా ఆవిడే కోసేది, నన్ను ముట్టనిచ్చేది కాదు. పట్టీ కట్టిన మర్నాడు ఆవిడ నేల మీదకి దిగిందో లేదో, అది కూత పెట్టింది. కొడుకు ఆఫీసు వదిలి పరిగెత్తుకొచ్చేడు. చూస్తే ఆవిడ గుమ్మడికాయ తరుగుతోంది. ఆ తరవాత రోజూ ఇదే గోల.

"కూచుంటే పడ్డాననుకుంటంది ఈ పట్టీ. రేపు నడుం వాలిస్తే పోయేననుకుంటాదేటే?" అంది మాసీమా నాతో.

అక్కడే ఉన్న కొడుకు మాత్రం నవ్వలేదు. "ఇంక కుర్చీలోనే ఉండమ్మా" అని కత్తిపీట అటకెక్కించేసేడు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తా ఉండిపోయేది. అన్నం సగం వదిలేసేది. కొన్నాళ్ళకే కాళ్ళు బిగిసి, లేవాలంటే నా భుజం పట్టుకునేది. ఇలాగైతే మంచాన పడిపోతాదని నాకు బెంగ పట్టుకుంది.

పట్టీ ఎలా పన్జేస్తందో చూడ్డానికి యూనివర్సిటీ అమ్మాయి స్వాతి వచ్చింది. వరంగల్ పిల్ల. నా తెలుగు విని మొహం వెలిగిపోయింది. సంగతంతా చెప్పేను.

"ఆమె ఎట్ల కూర్చుంటదో నాకు చూపియ్యమను, అక్కా" అంది.

కత్తిపీట నేనే దించేను. మాసీమా గోడకి చెయ్యానించి చతికిలబడింది. పట్టీ మోగింది. స్వాతి కూడా ఆవిడ పక్కనే బాసింపట్టు వేసుకు కూచుంది.

"ల్యాబ్‌ల మేమంత కుర్చీలల్లనే కూర్చుంటం అక్కా. ఇది మమ్మల్ని చూసే నేర్చుకున్నది. ఇగ ఈమెను చూసి నేర్చుకోవాలె."

ఆ తరవాత ఆ పిల్ల రోజూ వచ్చేది. మాసీమా కూచోడం, లేవడం అన్నీ తన కంప్యూటర్లోకి ఎక్కించి ఆ పట్టీకి నేర్పింది. ఓ ఆదివారం కొడుకు ఎదురుగా స్వాతి ఆ పట్టీ తన చేతికే కట్టుకుని పరుపు మీద దబ్బున పడింది. మోగింది. తరవాత మాసీమాకి కట్టింది. ఆవిడ నేల మీద చతికిలబడింది. మేమంతా పట్టీకేసే చూసేం. పట్టీ ఊరుకుంది.

కొడుకు లోపలికెళ్ళి అరటిపువ్వు తెచ్చి తల్లి ముందు పెట్టేడు. "అయితే ఇది తరుగమ్మా."

"ముందే కొనుంచేవా? మిషను మీద నాకన్నా నీకే నమ్మకం" అని ఆవిడ కత్తిపీట దగ్గరికి లాక్కుంది. ఆ పూట స్వాతి మాతోనే తింది.

ఇప్పుడు ఏ ఇంట పనికి కుదిరినా, ఆ ముసలావిడ ఎక్కడ ఎలా కూచుంటాదో చూసేకే నేను మంచం కుర్చీ సర్దుతాను. అది స్వాతి దగ్గర నేర్చుకున్నదే. ఆ పిల్లని కన్న కడుపు చల్లగుండాల. మీ ఇంట పెద్దలు నచ్చిన చోట కూచుని, తమంతట తామే లేచి తిరగాల. మీరంతా పదికాలాలు చల్లగా ఉండాల.